పది అడుగుల క్లైమాక్స్‌

మన సినిమాల్లో క్లైమాక్స్‌ అంటే హీరో యాభై మందిని చితక్కొట్టాలి. 1958లో న్యూయార్క్‌ బ్రాడ్‌వేలో ఆడిన ఒక నాటకంలో హీరో చేసేది ఒకటే... పది అడుగులు నడవడం. అది చూడ్డానికే జనం టికెట్లు కొనుక్కుని వచ్చారు. 556 ప్రదర్శనలు పడ్డాయి.

నాటకం పేరు ‘సన్‌రైజ్‌ ఎట్‌ కాంపోబెల్లో’. రాసింది డోర్‌ షారీ. హీరో ఎవరంటే ఫ్రాంక్లిన్‌ రూజ్‌వెల్ట్‌. నాలుగుసార్లు అమెరికా అధ్యక్షుడిగా గెలిచాడే, ఆయనే. కానీ కథ ఆ పదవి దాకా పోనే పోదు.

1921 ఆగస్టులో మొదలవుతుంది. కెనడాలోని కాంపోబెల్లో దీవిలో పెళ్లాంపిల్లలతో సెలవులు గడుపుతున్నాడు రూజ్‌వెల్ట్‌. వయసు 39. ఒకరోజు ఈత కొట్టొచ్చి, చలిగా ఉందని పడుకున్నాడు. కొద్దిరోజుల్లోనే కాళ్లు చచ్చుబడిపోయాయి. పోలియో అన్నారు డాక్టర్లు.

అక్కణ్నుంచి నాటకమంతా ఇంట్లో గొడవే. ‘రాజకీయాలు చాలు, హైడ్‌పార్క్‌లో మన ఎస్టేట్‌ చూసుకుంటూ ఉండు’ అనేది తల్లి సారా మాట. ఆవిడ విలన్‌ కాదు. ‘నీకెందుకు నాన్నా ఈ తిప్పలు’ అనే అమ్మలు మనిళ్లలోనూ ఉంటారు. వాళ్లతో వాదించి గెలవడమే కష్టం. ససేమిరా అన్నది లూయీ హోవ్‌, ఆస్తమాతో ఆయాసపడే పాత జర్నలిస్టు, రూజ్‌వెల్ట్‌కి రాజకీయ గురువులాంటివాడు. వీళ్లిద్దరి మధ్యా నలిగింది భార్య ఎలినార్‌. నలుగురిలో మాట్లాడాలంటేనే బెరుకుపడే మనిషి, భర్త పేరు జనం మర్చిపోకూడదని మీటింగులకు వెళ్లడం మొదలుపెట్టింది.

రూజ్‌వెల్ట్‌కి నిప్పంటే మహా భయం. ఇల్లు అంటుకుంటే, మోసుకెళ్లేవాళ్లు లేకపోతే? అందుకే నేలమీద పాకడం నేర్చుకున్నాడు. కాబోయే అధ్యక్షుణ్ని అలా పాకుతుండగా చూపించడం అప్పట్లో చిన్న విషయం కాదు. ఎందుకంటే బతికున్నన్నాళ్లూ ఆయన చక్రాల కుర్చీ జనం కళ్లబడకుండా చాలా జాగ్రత్తపడ్డారు. దాంట్లో కూర్చున్న ఫొటోలు చాలా అరుదు. వాషింగ్టన్‌లో 1997లో కట్టిన స్మారకంలోనూ ఆ కుర్చీ స్పష్టంగా కనిపించదు. వికలాంగుల సంఘాలు పోట్లాడాకే, 2001లో కుర్చీలో ఉన్న విగ్రహం పెట్టారు. నాటకం నలభై ఏళ్ల ముందే ఆ పని చేసేసింది. అదీ ఆయన పుట్టినరోజైన జనవరి 30న తెర లేపి!

రూజ్‌వెల్ట్‌గా వేసిన రాల్ఫ్‌ బెల్లమీ కుర్చీ నడపడం, ఊతకర్రలు, కాళ్లకు కట్టే ఇనుప పట్టీలు... అన్నీ నేర్చుకుని మరీ వేదికెక్కాడు. ఉత్తమ నటుడిగా టోనీ అవార్డు కొట్టాడు. ఉత్తమ నాటకం అవార్డూ దీనికే. అన్నట్టు, ఇందులో ఇంటి పనివాడిగా చిన్న వేషం వేసిన కుర్రాడు జేమ్స్‌ ఎర్ల్‌ జోన్స్‌. ‘స్టార్‌ వార్స్‌’లో డార్త్‌ వేడర్‌ గొంతు ఆయనదే.

లోపం లేదా అంటే ఉంది. భర్తకు మరొకావిడతో ప్రేమ వ్యవహారం ఉందని ఎలినార్‌కి 1918లోనే తెలిసిపోయింది. నాటకం దాని జోలికే పోలేదు. ఎలినార్‌ అప్పటికింకా బతికే ఉంది మరి! బయోపిక్‌లతో ఎక్కడైనా ఇదే తంతు.

ఇక ఆ పది అడుగులు. 1924 జూన్‌ 26, మాడిసన్‌ స్క్వేర్‌ గార్డెన్‌లో డెమొక్రాట్ల మహాసభ. అధ్యక్ష అభ్యర్థిగా అల్‌ స్మిత్‌ పేరు ప్రతిపాదించాలి. పదహారేళ్ల కొడుకు జేమ్స్‌ చెయ్యి పట్టుకుని వచ్చిన రూజ్‌వెల్ట్‌, చివరి కాస్త దూరం ఊతకర్రలతో ఒక్కడే నడవాలి. పడితే అంతే, వేల మంది ముందు రాజకీయ జీవితం అక్కడే ఆఖరు. పడలేదు. మైకు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ప్రసంగం మొదలుపెట్టకముందే నాటకానికి తెర పడిపోతుంది.

స్మిత్‌కి ఆసారి టికెట్‌ దక్కలేదు. రూజ్‌వెల్ట్‌కి కాళ్లూ తిరిగి రాలేదు. 1932లో అధ్యక్షుడిగా గెలిచింది ఆ ఇనుప పట్టీలతోనే. ఇదే పేరుతో 1960లో సినిమా కూడా తీశారు, అందులోనూ రూజ్‌వెల్ట్‌ బెల్లమీయే. ఎలినార్‌గా గ్రీర్‌ గార్సన్‌ చేసింది.