నగరి కొండల వాతావరణము – కొండనెక్కువారికి గల అపాయములు

తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండమీద నిలిచి యుత్తరదిక్కును చూచినచో నగరి కొండలు గోడవలె కనబడును. అందలి ముక్కువంటి శిఖరము సుమారు 2,800 అడుగుల ఎత్తు గలది. పూర్వమది సముద్రముపై పోవు నావికులకు గుఱుతుగా నుండెడిది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. కొండలలో అధికభాగము ఆంధ్రదేశముననే నిలిచినది. వాననీటికి మాత్ర మీ యెల్ల లేదు. నాగలాపురము కొండల నీరు ఆరణియేఱై ఊత్తుకోట మీదుగా పులికాటు వైపు పోవును. నగరియేటి నీరు కుశస్థలితో కూడి పూండి జలాశయము చేరును. సెలవుదినములలో తిరువళ్ళూరు, చెన్నపట్టణములనుండి మన యువకు లనేకు లీ కోనలకు పోవుచున్నారు. వారిలో పలువురు జలపాతమును తలచుకొని బయలుదేరుదురే కాని ఆకాశమును చూచి బయలుదేరరు.

వేసవిమాట మొదట చెప్పవలెను. మే నెలలో తమిళనాట మిక్కిలి యెండకాయు తావులలో తిరుత్తణి యొకటి. పడమటి వడగాలి మధ్యాహ్నమువఱకును వీచును. తీరమును చల్లబఱచు సముద్రపుగాలి యింతదూరము వచ్చుసరికి ప్రొద్దువాలును, కొన్నినాళ్లు రానే రాదు. ఎత్తు పెరిగినకొలది చల్లదనము కలుగునన్న మాట నిజమే. కాని వేయి అడుగులకు తగ్గునది సుమారు రెండు డిగ్రీలు మాత్రమే. నగరి శిఖరముపైనను ఆఱు డిగ్రీలకు మించి తగ్గదు. కాగిన బండ ఆ లాభమును హరించును. తలనొప్పి, వాంతి, చెమట నిలిచిపోవుట, మాట తడబడుట కనబడినచో అది వడదెబ్బ. అట్టివానిని నడిపింపరాదు, నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరుచు వైద్యునికొఱకు మనిషిని పంపవలెను.

జూన్ మొదలు సెప్టెంబరు వఱకు ఉదయము నిర్మలముగా నుండి సాయంకాలము ఉఱుములవాన వచ్చుట యిచ్చటి రివాజు. పడమటిగాలియు సముద్రపుగాలియు ఎదురెదురుగా కలియుటచే వేడిగాలి పైకెగసి మేఘమగును. కొండ దానిని మఱింత యెత్తును. మెఱుపునకును ఉఱుమునకును నడుమ మూడు సెకనులకు ఒక కిలోమీటరు చొప్పున లెక్కింపవచ్చును. ముప్పది సెకనులలోపల ఉఱుము వినబడెనా, పిడుగు మనపై పడదగిన దూరముననే యున్నది. శిఖరమును వెంటనే విడువవలెను. ఒంటిచెట్టు క్రిందను, లోతులేని గుహముఖమునను నిలుచుట అందఱును చేయు తప్పు.

అన్నిటికంటె మోసకరమైనది కోన. ఈ కొండలు క్వార్ట్‌జైటు అను గట్టి శిలతో నేర్పడినవి. నీరు సులభముగా నింకదు, పడినది పడినట్లే పల్లమునకు దుముకును. క్రింద మడుగులో ఈదువానిపై ఎండ కాయుచుండగనే పైన కురిసిన వాన యేఱై వచ్చి పడగలదు. తేటనీరు బురదనీరగుట, ఆకులు, పుల్లలు కొట్టుకొనివచ్చుట, పైనుండి హోరు వినబడుట దాని సూచనలు. బట్టలకై, సంచులకై వెనుదిరుగక ప్రక్కగట్టున పైకెక్కవలెను. ఏఱు దాటి యింటికి చేరవలెనన్న తొందరయే ప్రాణము తీయును. కోన చిన్నదగుటచే వాన ఆగిన కొన్నిగంటలకు నీరు సాధారణముగా తగ్గును. అంతవఱకు ఆకలితో కూర్చుండుట మేలు. ఈశాన్య ఋతుపవనకాలమున, వాయుగుండము పట్టిన దినములలో మాత్రము ఈ లెక్క పనికిరాదు. 2021 నవంబరులో ఇట్టి శిలలుగల తిరుమల కొండలపై కురిసిన వానకు ఘాటురోడ్లు, శ్రీవారిమెట్టు నడకదారి దెబ్బతినగా ఆ దారిని కొన్నినెలలు మూయవలసి వచ్చినది.

ఫిబ్రవరి దాటినపిమ్మట గడ్డి యెండును. 2018 మార్చి 11వ తేదీన తేని జిల్లా కురంగణి కొండలపై కార్చిచ్చు చుట్టుముట్టగా ఇరువదిమందికి పైగా యాత్రికులు మరణించిరి. మంట వాలు నెక్కునప్పుడు తన పైనున్న గడ్డిని ముందే కాచి యెండించుటచే సమతలముకంటె వేగముగ పరుగెత్తును. కావున దాని ముందు పైకి పరుగెత్తరాదు. గడ్డిలేని బండనో, అంతకుముందే కాలిన నేలనో, యేటిగర్భమునో చేరవలెను.