'అగ్రీ' నొక్కేముందు ఒక్క నిమిషం: ఓపెన్ సోర్స్‌లో సీఎల్ఏ సంగతి

పోయిన నెల మా అబ్బాయి ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చిన్న తప్పు సరిచేసి గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పంపాడు. మొత్తం నాలుగు లైన్ల కోడ్. నిమిషంలో ఒక బాట్ నుంచి జవాబు వచ్చింది. ముందు సీఎల్ఏ మీద సంతకం చేయాలట, ఆ తర్వాతే కోడ్ చూస్తారట. "అమ్మా, అగ్రీ నొక్కేయనా?" అని అడిగాడు. ఆగమన్నాను. నేను చదివింది బీఎస్సీ, లా కాదు. అయినా కూర్చుని చదివితే అర్థం కానంత కష్టమేమీ లేదు. తర్వాత మా స్నేహితుల్లో ఐటీ వాళ్లని అడిగాను. సంతకం చేసినవాళ్లు ఉన్నారు గానీ చదివి చేసినవాళ్లు ఒక్కరూ లేరు!

సీఎల్ఏ అంటే కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్. మీరు రాసిన కోడ్ మీద కాపీరైట్ రాసినప్పటి నుంచే ఉంటుంది. వందలమంది చేతులు పడిన ప్రాజెక్టులో రేపు ఒకరు వచ్చి "అది నా కోడ్, తీసేయండి" అంటే చిక్కే. అందుకే ముందుగానే అనుమతి రాయించుకుంటారు.

ఇందులో రకాలున్నాయి. అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పత్రంలో కాపీరైట్ మీ దగ్గరే ఉంటుంది, వాడుకునే హక్కు మాత్రం వాళ్లకిస్తారు. పొలం మన పేరునే ఉంచుకుని కౌలుకిచ్చినట్టు. కాకపోతే కౌలుకి గడువుంటుంది, దీనికి లేదు. ఒకసారి ఇస్తే శాశ్వతం, వెనక్కి తీసుకోలేరు. ఆ కోడ్‌కి సంబంధించి మీకు పేటెంట్ ఉంటే దాన్ని వాడుకునే హక్కు కూడా అందులోనే ఇచ్చేస్తారు. రెండో రకం కాపీరైట్‌నే రాసిచ్చేయడం, అంటే రిజిస్ట్రేషన్ చేసిచ్చినట్టు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చాలాకాలం జీసీసీ కంపైలర్‌కి ఇలాగే అడిగేది. 2021లో జీసీసీ ఆ నిబంధన తప్పనిసరి కాదంది.

లినక్స్ కెర్నల్‌ది వేరే దారి. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ తన కోడ్ లినక్స్‌లోకి చేరిందంటూ ఐబీఎంపై కోర్టుకెళ్లింది. ఆ గొడవ నడుస్తుండగానే, 2004లో, కెర్నల్ వాళ్లు డీసీఓ అనే పద్ధతి పెట్టారు. విడిగా హక్కులు రాసిచ్చేది ఏమీ ఉండదు. "దీన్ని ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది" అని ప్రతి మార్పు కింద ఒక లైనులో పేరు పెట్టి హామీ ఇవ్వాలి, అంతే.

ఉద్యోగాలు చేసేవాళ్లకి అసలు ముఖ్యమైనది ఇక్కడుంది. అపాచీ పత్రంలో ఒక షరతు ఉంటుంది: మీరు రాసేదాని మీద మీ కంపెనీకి హక్కులుంటే, వాళ్ల అనుమతి తీసుకున్నానని మీరే హామీ ఇస్తారు. ఇప్పుడు మీ ఆఫర్ లెటర్‌తో సంతకం చేసిన కాగితాలు ఒకసారి తీయండి. మీరు కనిపెట్టినవన్నీ కంపెనీవే అని ఉందేమో చూడండి. కాలిఫోర్నియా లేబర్ కోడ్ 2870 ప్రకారం సొంత సమయంలో, కంపెనీ సామాను, సమాచారం వాడకుండా చేసినవాటిని అలా రాయించుకోకూడదు. అయితే కంపెనీ వ్యాపారానికి సంబంధించినవైతే ఆ రక్షణ వర్తించదు. అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టం లేదు. కాబట్టి ఆఫీసు లాప్‌టాప్‌లో ఇలాంటి పని వద్దు, అనుమతి ఈమెయిల్‌లోనే తీసుకోండి. కంపెనీ తరఫున చేసే సీఎల్ఏలో ఉద్యోగుల పేర్ల జాబితా ఉంటుంది. ఉద్యోగం మారితే ఆ పాత జాబితా మీకు పనికిరాదు.

ఇంకో సంగతి, రేపు లైసెన్సు మారితే? 2023 ఆగస్టులో హాషికార్ప్ కంపెనీ టెరాఫార్మ్‌ని ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి బిజినెస్ సోర్స్ లైసెన్సుకి మార్చింది. కోడ్ ఇచ్చినవాళ్లు అప్పటికే సీఎల్ఏ చేసి ఉన్నారు. నచ్చనివాళ్లు పాత కోడ్‌తో ఓపెన్‌టోఫు మొదలుపెట్టారు. అది లినక్స్ ఫౌండేషన్ నీడలో నడుస్తోంది. లినక్స్ కెర్నల్‌లో అలా కుదరదు. కాపీరైట్ వేలమంది దగ్గర ఉంది, వాళ్లందరి ఒప్పుదల లేకుండా ఎవరూ లైసెన్సు మార్చలేరు. అందుకని సీఎల్ఏ ఎవరి పేరున ఉందో చూడండి. లాభాపేక్ష లేని సంస్థకి ఇవ్వడం వేరు, కంపెనీకి ఇవ్వడం వేరు. కంపెనీకి ఇవ్వొద్దని కాదు, తెలిసి ఇవ్వండి.

పిల్లలు రెజ్యూమె కోసమో, సరదాకో కోడ్ పంపుతుంటే మీరు కూడా పక్కన కూర్చోండి. అమెరికాలో 18 నిండనివారు చేసిన ఒప్పందాన్ని సాధారణంగా వాళ్లు తర్వాత కాదనవచ్చు. అందుకే మేము ప్రాజెక్టు వాళ్లకే రాసి అడిగాం. తల్లిదండ్రుల సంతకంతో పంపమన్నారు. చదివాను, సంతకం పెట్టాను. వారం తర్వాత ఆ నాలుగు లైన్లూ చేరాయి.

మీ ఉద్యోగం మీద ప్రభావం ఉంటుందనిపిస్తే మాత్రం లాయర్‌ని అడగండి. మిగతావాళ్లకి పదిహేను నిమిషాల చదువు చాలు.