దర్పణపు దుర్భిణి

పెద్దలారా! మీ మనుమడు నక్షత్రములను చూచుటకు దుర్భిణి కోరినచో, అది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపునని అంగడివానిని అడుగకుడు; దాని అద్దమెంత వెడల్పని అడుగుడు. వెలుతురును పోగుచేయునది ఆ అద్దమే. గొట్టము అడుగుననున్న గుంటయద్దము నక్షత్రకాంతిని కూడదీయగా, పైనున్న చిన్న ఏటవాలు అద్దము దానిని ప్రక్కకు మరల్చును. అచ్చట అమర్చిన భూతద్దము గుండ మనము చూతుము. 1668లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు న్యూటను నిర్మించిన పద్ధతి ఇదియే. ఆరంగుళముల అద్దము నాలుగంగుళములదానికంటె రెండుంబావు రెట్లు వెలుతురు గ్రహించును. బొమ్మ తలక్రిందులుగా కనబడును. అది లోపము కాదు. చంద్రునకు తలయేది, కాళ్లేవి?

హైదరాబాదు చెంతనున్న హఫీజ్‌పేటలో మేడల దీపములు తెల్లవార్లు వెలుగుచుండుటచే ఆకాశము వెలవెలబోయి యుండును. అయినను అచ్చటి మిద్దెలపైనుండి చంద్రుని గుంటలు, గురుని నాలుగు పెద్ద ఉపగ్రహములు, శని వలయము ఈ దుర్భిణికి చక్కగా అందును. పాలపుంత మాత్రము కానరాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1968 ప్రాంతమున 48 అంగుళముల అద్దముగల దుర్భిణిని నగరమున గాక, దూరముగా రంగాపురమున నిలిపిరి. అట్టి చీకటి పెక్కు పల్లెలలో నేటికిని మిగిలియున్నది. వీధిదీపమునకు ఎడముగా, కళ్లమున దుర్భిణిని నిలిపి, అరగంటసేపు కన్నులను చీకటికి అలవరచుకొనుడు.

పగటివేళ మాత్రము దానిని పిల్లల చేతికీయకుడు. దాని గుండ సూర్యునివంక చూచినచో క్షణములో చూపు పోవును.