మీకు తెలుసా? టీకా పిల్లలకే కాదు, అబ్బకూ అవ్వకూ ఉంది

కమలాపురంలో చంటిబిడ్డకు టీకా రోజు వచ్చిందంటే ఇల్లంతా కదులుతుంది. ఆశా కార్యకర్త కబురు చెబుతుంది, తల్లి కార్డు వెతుకుతుంది, అవ్వ బిడ్డను చంకనేసుకొని ఆసుపత్రికి బయలుదేరుతుంది. ఆ అవ్వకు కూడా ఏడాదికోసారి వేయించాల్సిన టీకా ఒకటుందని మాత్రం ఎవరికీ తట్టదు. అదే ఫ్లూ టీకా. ఈసారి ముచ్చట్లన్నీ దాని చుట్టూనే.

పడిశం, ఫ్లూ ఒకటి కాదు. పడిశం మెల్లగా ఎక్కుతుంది. గొంతులో గరగర, ముక్కు కారడం, తుమ్ములు. తువ్వాలుతో తుడుచుకుంటూనే పనికి పోతాం. ఫ్లూ అలా కాదు. పొద్దున చేనికి పోయిన మనిషి మధ్యాహ్నానికి చలితో వణుకుతూ ఇంటికొచ్చి పడుకుంటాడు. ఏ పూట మొదలైందో చెప్పగలడు. జ్వరం, పొడి దగ్గు, తలనొప్పి, కీళ్లు విరిచేసినట్టు నొప్పులు. క్రిమి ఒంట్లో చేరిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఇదంతా బయటపడుతుంది. జ్వరం తగలడానికి ఒక రోజు ముందు నుంచే అది పక్కవాళ్లకు అంటుకోగలదు. అందుకే ‘జ్వరమొచ్చినోళ్లకు దూరంగా ఉంటే చాలు’ అనుకుంటే సరిపోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఫ్లూ తెచ్చిపెట్టే శ్వాస సమస్యలతో ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది చనిపోతున్నారు. ‘ఉత్త జ్వరమే కదా’ అని మనం అనే జబ్బు ఇది.

మన ఊరి స్టేషన్ మీదుగా పోయే పట్టాలకూ ఫ్లూ చరిత్రకూ సంబంధం ఉంది. మద్రాసు నుంచి వచ్చిన లైను, బొంబాయి నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. రేణిగుంట, కడప, కమలాపురం, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుంతకల్లు మీదుగా సాగే దారి అదే. 1918 జూన్‌లో ఫ్లూ బొంబాయి రేవులో దిగింది. మొదటి విడత కొంచెం మెత్తగానే పోయింది. సెప్టెంబరులో లేచిన రెండో విడత ఊళ్లకు ఊళ్లను పడగొట్టింది. జనం దాన్ని బొంబాయి జ్వరం అన్నారు. రోగాన్ని దేశమంతా మోసినవాటిలో రైలుబండ్లు ముఖ్యమైనవని అప్పటి భారత ప్రభుత్వ శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ తన నివేదికలో రాశాడు. ఆ ఏడు నైరుతి వానలు కూడా మొహం చాటేశాయి. ఒక చేత్తో కరువు, ఇంకో చేత్తో జ్వరం. దేశంలో పోయినవాళ్లు కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. మన జనాభా లెక్కల చరిత్రలో జనం పెరగకుండా తగ్గిన దశాబ్దం 1911-1921 ఒక్కటే.

అందులో గుండె పిండే సంగతి ఇంకోటి ఉంది. మామూలు ఫ్లూ ముసలివాళ్లనూ పసివాళ్లనూ ఎక్కువగా పట్టుకుంటుంది. 1918లో మాత్రం ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపువాళ్లు పెద్ద సంఖ్యలో పోయారు. నాగలి పట్టాల్సినవాళ్లు, పాలివ్వాల్సినవాళ్లు.

అప్పట్లో డాక్టర్లకు శత్రువు ఎవరో కూడా తెలియదు. ఒక బాక్టీరియా మీద నింద వేశారు. పాపం, అది నిర్దోషి అని తేలినా దాని శాస్త్రీయ నామంలో ఇన్‌ఫ్లుయెంజా అనే మాట ఇప్పటికీ అంటుకునే ఉంది. అసలు వైరస్‌ను మనుషుల నుంచి తీసి గుర్తించింది 1933లో, లండన్‌లో. ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే జంతువుకు రోగిష్టి గొంతు కడిగిన నీళ్లు ముక్కులో వేసి, దానికీ జ్వరం రావడం చూశారు. పన్నెండేళ్లలో, 1945కల్లా, అమెరికాలో టీకా అనుమతి పొందింది. దాని మీద పనిచేసినవాళ్లలో, తర్వాత పోలియో టీకాతో పేరు తెచ్చుకున్న జోనాస్ సాల్క్ కూడా ఉన్నాడు.

‘పోయినేడు వేసుకున్నాం గదా, మళ్లీ ఎందుకు?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్లూ వైరస్ తన పైచొక్కాను కొద్దికొద్దిగా మార్చుకుంటూ ఉంటుంది. పోయినేడు దాన్ని గుర్తుపట్టిన మన ఒంటి కాపలాదారు ఈ ఏడు గుర్తుపట్టలేకపోవచ్చు. పైగా టీకా ఇచ్చిన బలం కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి కూర్చొని, తర్వాతి టీకాలో ఏ రకాలు ఉండాలో తేలుస్తారు. డబ్బా మీద అది ఏ ఏడాది రకమో రాసి ఉంటుంది. వేయించుకునే ముందు చూడండి, అడగండి.

ఈ టీకాలో ఎక్కువ భాగం ఇప్పటికీ కోడిగుడ్లలోనే తయారవుతుంది. పొదిగే దశలో ఉన్న గుడ్డులోకి వైరస్‌ను ఎక్కించి పెంచి, తర్వాత దాన్ని చంపి శుద్ధి చేస్తారు. చచ్చిన వైరస్ కాబట్టి టీకా వల్ల ఫ్లూ వచ్చే దారే లేదు. చెయ్యి ఒక రోజు నొప్పి పెట్టడం, కొంచెం వెచ్చబడటం ఉంటాయి. ‘సూది వేయించుకున్న వారానికే జ్వరమొచ్చింది’ అని ఎవరైనా అంటే, ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. టీకా పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది. ఆ లోపల ఎక్కడో అంటుకుని ఉంటుంది.

స్వైన్ ఫ్లూ పేరు వింటే ఇప్పటికీ ఉలిక్కిపడతాం. దేశంలో దాని మొదటి కేసు బయటపడింది మన తెలుగు గడ్డ మీదే, 2009 మే నెలలో హైదరాబాదులో, విమానం దిగిన ప్రయాణికుడిలో. 2015లో అది దేశమంతా 42,592 మందికి సోకినట్టు, 2,990 మందిని బలిగొన్నట్టు ప్రభుత్వ లెక్క. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. ఏటా వచ్చే మామూలు ఫ్లూలో అదీ ఒకటైపోయింది. ఏటా వచ్చే టీకాలో దాని వాటా కూడా ఉంటుంది.

మరి మనకు ఏ నెలలో వేయించుకోవాలి? చలిదేశాల్లో ఫ్లూ చలికాలపు జబ్బు. మన దేశంలో దానికి రెండు కాపులు: వానల కాలంలో ఒకటి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోటి. శ్రీనగర్‌లో చలికి లేస్తుంది, తమిళనాడులో ఈశాన్య రుతుపవనాలకు లేస్తుంది. కడప జిల్లాకు నైరుతి వానా ఉంది, ఈశాన్యం వానా ఉంది. నవంబరు వాన ఎంత గట్టిదో కమలాపురానికి వేరే చెప్పాలా? 2021 నవంబరులో పాపాఘ్ని పొంగి వంతెననే కూల్చింది. నా లెక్కలో, మనవాళ్లు మే, జూన్‌లలో తొలకరికి ముందే సూది వేయించుకుంటే మేలు. అది తప్పిపోతే బుడ్డశనగ విత్తే రోజులకైనా వేయించుకోండి. సంక్రాంతి తర్వాత వచ్చే కాపుకు అక్కరకొస్తుంది.

మే నెల అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. ఈ టీకాను ఎప్పుడూ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. మన ఎండ నలభై దాటుతుంది. మందుల షాపులో కొని, స్కూటర్ డిక్కీలో పెట్టుకొని, దారిలో ఇంకో పని చూసుకొని పోతే సీసాలో మిగిలేది ఉత్త నీళ్లతో సమానం కావచ్చు. మంచుగడ్డ మీద నేరుగా పెట్టినా చెడిపోతుంది, అది గడ్డకట్టకూడదు. ఫ్రిజ్‌లో ఉన్న చోటే వేయించుకోవడం అన్నిటికన్నా మంచిది.

ఎవరికి ముందు అంటే, అరవై దాటినవాళ్లకు, షుగర్, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లకు, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు. మన చుట్టుపక్కల వాళ్లను కూడా ఇందులో కలుపుతాను. ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో ఏళ్లతరబడి దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు ముందే అలసిపోయి ఉంటాయి. అలాంటి రొమ్ము మీద ఫ్లూ పడితే మామూలుగా దిగదు. బీడీ తోడైతే చెప్పనక్కర్లేదు. ఒక రోజు కూలి పోతుందని వెనకాడే మనిషికి వారం కూలి పోగొట్టి, దాంతోపాటు ఆసుపత్రి ఖర్చు తెచ్చిపెట్టేది ఈ జ్వరమే. పెద్దవాళ్లకు ఈ టీకా చాలాచోట్ల సొంత డబ్బుతోనే వేయించుకోవాల్సి వస్తోంది. గనుల ఊళ్లలోనైనా, అరవై దాటినవాళ్లకైనా సర్కారు ఉచితంగా వేయాలని నేను గట్టిగా కోరుకుంటాను.

గుండెకూ ఫ్లూకూ ఏం సంబంధం అనిపిస్తుంది. కెనడాలో జరిగి 2018లో అచ్చైన పరిశోధనలో, ఫ్లూ తేలిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు మామూలు రోజులకన్నా ఆరు రెట్లు ఉన్నట్టు కనిపించింది. రక్తనాళాల్లో వాపు రేగుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. స్టెంట్ వేయించుకున్న పెదనాయన ఇంట్లో ఉంటే ఈ ముచ్చట ఆయన డాక్టరు దగ్గర తప్పక ఎత్తండి.

గర్భిణి వేయించుకుంటే టీకా ఇద్దరికి పనిచేస్తుంది. ఆరు నెలలు నిండని బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. ఆ ఆరు నెలలూ బిడ్డను కాచేది కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి అందిన బలమే.

హజ్‌కు పోయే పెద్దవాళ్లకు మెనింజైటిస్ టీకాతో పాటు ఫ్లూ టీకా కూడా వేస్తారు. లక్షల మంది ఒక్కచోట చేరతారు కాబట్టి. ఉరుసుకో తిరునాళ్లకో పోయే అబ్బకు కూడా ఆ జాగ్రత్త ఎందుకు ఉండకూడదు?

టీకా కంచుకోట కాదన్నది కూడా చెప్పాలి. వైరస్‌కు సరిగ్గా కుదిరిన ఏడు కూడా అది డాక్టరు దాకా పోయే ఫ్లూను 40 నుంచి 60 శాతం వరకే తగ్గిస్తుంది. కానీ టీకా ఉన్న మనిషికి వచ్చినా, ఐసీయూ దాకా పోయే అవకాశం తగ్గుతుంది. మిగతా కాపలా మన చేతుల్లో ఉంది. నున్నటి ఇనుము, స్టీలు మీద ఈ వైరస్ ఒక రోజు పైనే బతకగలదు. ఆర్టీసీ బస్సులో కడ్డీ పట్టుకొని నిలబడి వచ్చిన చెయ్యి, సబ్బుతో కడగకుండా మూతికి తగలకూడదు. దగ్గు వస్తే మోచేతి మడతలోకి. జ్వరం మాత్ర లేకుండానే ఒక రోజంతా వేడి తగలకుండా ఉన్నాకే పనికో బడికో పోవాలి.

యాంటీబయాటిక్ బిళ్లలు ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయలేవు. దానికి వేరే మందు ఉంది, ఒసెల్టామివిర్. మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే దాని బలం బాగా తెలుస్తుంది. పిల్లలకు ఫ్లూ జ్వరంలో ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మిరియాల చారు తాగండి, గొంతుకు హాయి. కానీ ఆయాసం, రొమ్ములో నొప్పి, పెదవులు నీలబడటం కనిపిస్తే, లేదా తగ్గిన జ్వరం రెండు రోజులకు తిరగబెడితే, చారుతో ఆగకండి. అలా తిరగబెట్టేది చాలాసార్లు న్యుమోనియా. 1918లో ఎక్కువమందిని తీసుకుపోయింది అదే.

ఇంకొక్కటి. ముసలివాళ్లకు ఫ్లూ వచ్చినా ఒళ్లు కాలకపోవచ్చు. వాళ్ల ఒంటికి జ్వరం రప్పించే సత్తువ కూడా తగ్గి ఉంటుంది. ఎప్పుడూ సంగటి ముద్ద వదలని అవ్వ తట్ట పక్కకు జరిపిందనుకోండి, మంచం దిగడం లేదనుకోండి, మాట తడబడుతోందనుకోండి. నుదురు తడిమి ‘వేడి లేదులే’ అని పనికి పోకండి. ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోండి.