తడి ఎక్కువైతే వేరుకు చేటు
కుండీ మొక్కల్లో కుళ్లు తెగులు.. ముందుజాగ్రత్తే మందు

కడియం: వానాకాలం మొదలైతే చాలు, కుండీల్లో పూలమొక్కలు పెంచేవారికి వేరుకుళ్లు బెడద మొదలవుతుంది. కడియం, కడియపులంక నర్సరీల నుంచి ఇష్టపడి కొనుక్కెళ్లిన చామంతి, గులాబీ, జెర్బెరా నెల తిరగకుండానే చనిపోతే నర్సరీ రైతును నిందించడం పరిపాటి. అనేక సందర్భాల్లో లోపం మొక్కలో కాక నీరు పోసే తీరులో ఉంటుంది. కొన్నవారి సొమ్ము, అమ్మినవారి పేరు రెండూ దెబ్బతింటున్నాయి.

వేరుకు నీటితోపాటు గాలి కూడా అవసరం. మట్టి రేణువుల నడుమ నీరు నిలిచిపోతే ప్రాణవాయువు అందక వేళ్లు నీరసిస్తాయి. అదే అదనుగా పిథియం, ఫైటోఫ్తొరా, రైజోక్టోనియా వంటి తెగులు కారకాలు దాడి చేస్తాయి.

వాడిందని నీళ్లు పోయొద్దు

మట్టి తడిగా ఉండగానే మొక్క వాడిపోవడం, కింది ఆకులు పసుపుబారి రాలడం ఈ తెగులు తొలి లక్షణాలు. కుళ్లిన వేరు నీటిని పీల్చుకోలేదు కనుక మొక్క దాహంతో ఉన్నట్లే కనిపిస్తుంది. చూసినవారు జాలిపడి మరో చెంబుడు నీళ్లు పోస్తారు. దాంతో మొక్క పని పూర్తవుతుంది. అనుమానం వస్తే కుండీ నుంచి మట్టిగడ్డతో సహా మొక్కను బయటకు తీసి చూడాలి. ఆరోగ్యమైన వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. తెగులు సోకినది గోధుమ రంగుకు మారి మెత్తబడుతుంది, లాగితే పైపొర ఊడి లోపలి దారం మిగులుతుంది. దుర్వాసన కూడా వస్తుంది.

కుళ్లిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, కొమ్మలను కూడా కొంతమేర తగ్గించి కొత్త మట్టిలో నాటాలి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు తడిసేలా పోయాలి. వారం రోజులు నీడలో ఉంచాలి. కొత్త చిగురు కనిపించేవరకు ఎరువు జోలికి పోరాదు. సగానికి మించి వేళ్లు పోతే ఆశ వదులుకుని, మందార, చామంతి అయితే పచ్చిగా ఉన్న కొమ్మలను కత్తిరించి కొత్తగా నాటుకోవడం మేలు. ఆ పాత మట్టిని మరో కుండీలో వాడరాదు.

మట్టి మిశ్రమమే కీలకం

డెల్టా బంకమట్టిని నేరుగా కుండీలో నింపితే గట్టిపడి నీరు దిగదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, కొద్దిగా వేపపిండి చేర్చాలి. ట్రైకోడెర్మా విరిడిని పశువుల ఎరువులో వృద్ధి చేసి వాడితే తెగులును ముందుగానే అడ్డుకోవచ్చు. రసాయన మందుతో కలిపి మాత్రం వేయరాదు, రెండింటి మధ్య 15 రోజుల వ్యవధి ఉండాలి. చిన్న మొక్కను పెద్ద కుండీలో పెట్టినా ముప్పే, వేళ్లు తాకని మట్టిలో తడి ఆరదు. కుండీ కింద పెట్టే పళ్లెం చూపుకు అందమే కానీ, అందులో చేరిన నీటిని వెంటనే పారబోయాలి. వేలు అంగుళం లోతుకు గుచ్చి, పొడిగా తగిలితేనే ఉదయం పూట నీరు పోయాలి.