శ్రీలంకలో ఏనుగులు ఎక్కడుంటాయో చెరువు చెప్తుంది: ఇద్దరి ట్రిప్, ఎనిమిది రోజులు

ఈ ఎపిసోడ్ శ్రీలంక గురించి. బీచ్‌లు, టీ తోటలు, ఎల్లా దగ్గర తొమ్మిది కమానుల బ్రిడ్జి మీద వెళ్ళే రైలు, ఇవన్నీ రీల్స్‌లో మీరు ఇప్పటికే బోలెడు చూసుంటారు. వాటి జోలికి నేను పోవట్లేదు. మేమిద్దరం ఆగస్టు చివర్లో ఎనిమిది రోజులు వెళ్ళాం. ముఖ్యంగా రెండిటి కోసం వెళ్ళాం: అడవిలో ఏనుగులు, అక్కడి తిండి. మా ఆయన పక్కా వెజిటేరియన్, నేను చేపలు తింటాను. కాబట్టి తిండి సంగతి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు నెల సంగతి. "శ్రీలంకకి ఏ నెలలో వెళ్ళాలి?" అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు రాదు. దేశం చిన్నదే, చెన్నై నుంచి గంటన్నరలో కొలంబోలో దిగిపోతాం. కానీ దానికి వానాకాలాలు రెండు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనం కొలంబో వైపు, గాలే వైపు, కొండల మీద కురుస్తుంది. అదే టైంలో ఉత్తరం, తూర్పు వైపు ఎండలు మండిపోతుంటాయి. నవంబర్ నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా సీన్ రివర్స్. అందుకే మిరిస్సా దగ్గర సముద్రంలో తిమింగలాల్ని చూసే సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్. మేం వెళ్ళిన ఆగస్టులో అక్కడ సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆగస్టు ట్రిప్‌కి మిరిస్సా తిమింగలాల్ని కూడా కలిపి ప్యాకేజీ అమ్ముతుంటే ఒక్కసారి ఆలోచించండి.

ఇక ఏనుగులు. ఆగస్టు, సెప్టెంబర్‌లో వాటి కోసం వెళ్ళాల్సింది దేశం మధ్యలో ఉన్న ఎండు ప్రాంతానికి. హబరణ అనే చిన్న ఊళ్ళో దిగితే మిన్నేరియ, కౌడుల్ల అనే రెండు నేషనల్ పార్కులు దగ్గర్లోనే ఉంటాయి. రెండు పార్కులకీ గుండెకాయ చెరువే. చెరువుని సింహళంలో "వెవ" అంటారు. మిన్నేరియ వెవని మహాసేన రాజు దాదాపు 1700 ఏళ్ళ కిందట కట్టించాడు. రామప్ప, పాకాల చెరువులు చూసినవాళ్ళకి అక్కడ కొత్తేం అనిపించదు. అదే కట్ట, అదే తూము, కట్ట కింద అవే వరి పొలాలు. కాకపోతే ఇక్కడ చెరువు వెనకాల అడవి ఉంది, అడవిలో ఏనుగులున్నాయి.

ఇప్పుడు అసలు పాయింట్. ఎండాకాలంలో తూము తెరిచి పొలాలకి నీళ్ళు వదులుతారు. చెరువు మెల్లగా వెనక్కి తగ్గుతుంది. తెలంగాణలో మనం శిఖం అంటామే, ఆ చెరువు అడుగు నేల బయటపడుతుంది. తడి నేల కదా, దాని మీద లేత గడ్డి మొలుస్తుంది. చుట్టూ అడవంతా ఎండిపోయి ఉన్నప్పుడు పచ్చగా కనిపించేది ఆ ఒక్క చోటే. పెద్ద ఏనుగుకి రోజుకి 150 కిలోల దాకా మేత కావాలి. అందుకని చుట్టుపక్కల అడవుల నుంచి గుంపులు గుంపులుగా అక్కడికే వస్తాయి. మంచి ఏడాదిలో ఒక సాయంత్రం 200, 300 ఏనుగులు కనిపిస్తాయి. దీన్నే "ది గ్యాదరింగ్" అని ప్రపంచమంతా చెప్పుకుంటారు.

ఇక్కడిదాకా మీకు ఏ ట్రావెల్ వీడియో అయినా చెప్తుంది. చెప్పనిది ఇంకోటుంది. 2018 ప్రాంతంలో మొరగహకంద అనే పెద్ద ప్రాజెక్టు మొదలైంది. దాని నీళ్ళు ఈ పాత చెరువుల్లోకి కూడా వస్తాయి. రైతుకి మంచిదే, ఎండాకాలంలో కూడా చెరువు నిండుగా ఉంటుంది. కానీ నిండుగా ఉంటే శిఖం బయటపడదు, గడ్డి మొలవదు, ఏనుగులకి మేత లేదు. మిన్నేరియలో కొన్నేళ్ళుగా ఇదే గొడవ. నీళ్ళు ఎప్పుడు, ఎంత వదలాలో ఏనుగుల్ని కూడా లెక్కలోకి తీసుకుని చెయ్యండని అక్కడి వన్యప్రాణి నిపుణులు మొత్తుకుంటున్నారు.

అందుకని మీరు చెయ్యాల్సిందేంటంటే, ఇంట్లో కూర్చుని "మిన్నేరియ సఫారీ" అని ముందే డబ్బు కట్టెయ్యకండి. హబరణ చేరాక, ఆ రోజు పొద్దున, బస చేసిన చోట అడగండి: "ఇవాళ ఏనుగులు ఎటున్నాయి?" మాకు కౌడుల్ల అన్నారు. మధ్యాహ్నం రెండున్నరకి బయల్దేరాం. ఏనుగులు గడ్డిలోకి వచ్చేది ఎండ తగ్గాకే, పొద్దున సఫారీ ఇక్కడ పెద్దగా పనికిరాదు.

నాలుగున్నరకి మొదటి గుంపు. పద్నాలుగు దాకా లెక్కపెట్టాను, అన్నీ ఆడవీ పిల్లలూ. ఒక్కదానికీ దంతాల్లేవు. ఆడవి కదా అనుకోకండి, శ్రీలంకలో మగవాటిలో కూడా దంతాలున్నవి నూటికి పది లోపే. గడ్డిని తొండంతో చుట్టి, కాలితో తన్ని పీకి, మట్టి పోయేదాకా మోకాలికేసి దులిపి, అప్పుడు నోట్లో పెట్టుకుంటాయి. మనం తోటకూర కడుక్కున్నట్టే ఉంటుంది. ఒక బుల్లి పిల్ల అదే చెయ్యబోయి ప్రతిసారీ గడ్డి జారవిడుచుకుంటోంది. ఇరవై నిమిషాలు ఇదే చూశాం, విసుగు రాలేదు.

తర్వాత ఇంకో ఏడెనిమిది జీపులు వచ్చాయి. ఒకటి ముందుకెళ్ళింది, దాన్ని దాటి ఇంకోటి. కాసేపటికి గుంపుకి మూడు వైపులా జీపులే. పెద్దవన్నీ పిల్లల్ని మధ్యలోకి నెట్టి చుట్టూ గోడలా నిలబడ్డాయి. ఒకటి మా వైపు తిరిగి, తల పైకెత్తి, చెవులు పూర్తిగా విప్పి కదలకుండా నిలబడింది. మేత ఆపేసి, చెవులు విప్పి మనవైపే చూస్తోందంటే అది ఫోజు కాదండీ, "ఇంక చాలు, వెనక్కి పో" అంటోంది. మా డ్రైవర్ కూడా ఇంజన్ స్టార్ట్ చేశాడు, ఇంకొంచెం ముందుకి పోదామని. వద్దన్నాం, వెనక్కి తీయమన్నాం. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు విషయం చెప్పాడు. దూరంగా ఆపితే గెస్టులు టిప్పు తగ్గిస్తారట. అంతకంటే పెద్ద భయం, ఫోన్‌లో రెండు స్టార్లు ఇచ్చి "దగ్గరికి తీసుకెళ్ళలేదు" అని రాస్తారట. రెండు నెలల సీజన్‌లో రెండు చెడ్డ రివ్యూలు పడితే తర్వాతి బుకింగ్ పక్క జీపుకి పోతుంది. అంటే జీపుకీ ఏనుగుకీ మధ్య ఎంత దూరం ఉండాలనేది పార్కు రూల్ కంటే ఎక్కువగా మన బొటనవేలే నిర్ణయిస్తోందన్నమాట. కాబట్టి ఎక్కే ముందే డ్రైవర్‌తో ఒక మాట చెప్పండి: "అన్నా, దూరంగా ఆపినా చాలు, ఇంజన్ ఆపెయ్, టిప్పు మాత్రం తగ్గదు." రివ్యూలో కూడా అదే రాయండి, దూరం పాటించాడు, బాగుంది అని. దీనికి మీకయ్యే ఖర్చు సున్నా.

హబరణ రోడ్ల మీద, ఉడవలవె దగ్గర కరెంటు కంచె పక్కన ఏనుగులు వచ్చి నిలబడతాయి. జనం కార్లాపి అరటిపళ్ళు, చెరుకు పెడతారు, సెల్ఫీలు దిగుతారు. మీరు పెట్టకండి. వాహనం దగ్గర తిండి దొరుకుతుందని అలవాటైన ఏనుగు రేపు బస్సునీ ఆపుతుంది, ఊళ్ళో బియ్యం కోసం ఇంటి గోడనీ పడగొడుతుంది. ఆ తర్వాత జరిగేది చాలా ఘోరంగా ఉంటుంది. గుమ్మడికాయ లాంటి వాటిలో నాటు బాంబు దాచిపెడతారు, ఏనుగు కొరకగానే దవడ పగిలిపోతుంది, తిండి తినలేక రోజుల తరబడి చస్తుంది. 2023 ఒక్క ఏడాదిలో శ్రీలంకలో 400కి పైగా ఏనుగులు చనిపోయాయి, ఏనుగుల వల్ల 150 మందికి పైగా మనుషులు చనిపోయారు. 2011 లెక్కల ప్రకారం దేశం మొత్తంలో అడవి ఏనుగులు 5,879. 2025 ఫిబ్రవరిలో హబరణ దగ్గరే ఒక రైలు గుంపుని ఢీకొడితే ఆరు ఏనుగులు పోయాయి. పంట పోగొట్టుకున్న రైతు మీద కోపం తెచ్చుకోవడం మనకి తేలికే, రాత్రంతా చెట్టు మీద మంచె కట్టుకుని కాపలా కాసేది ఆయన.

ఏనుగు సవారీ, ఏనుగుకి స్నానం చేయించడం, అవి హబరణలో ఇప్పటికీ అమ్ముతారు. మేం వెళ్ళలేదు, వెళ్ళమని చెప్పను. పిల్ల ఏనుగుల్ని చూడాలంటే ఉడవలవెలో ప్రభుత్వ వన్యప్రాణి శాఖ నడిపే ట్రాన్సిట్ హోమ్ ఉంది, 1995 నుంచి నడుస్తోంది. తల్లి లేని పిల్లల్ని పెంచి మళ్ళీ అడవిలో వదిలేస్తారు. పాలు పట్టే టైంలో దూరం నుంచి చూడొచ్చు, ముట్టుకోనివ్వరు. ముట్టుకోనివ్వకపోవడమే దాని గొప్ప.

చిరుతల గురించి రెండు ముక్కలు. యాల పార్కు వాటికి ఫేమస్, కానీ మామూలుగా సెప్టెంబర్‌లో మూసేస్తారు, తెరిచున్నప్పుడు జీపుల ట్రాఫిక్ జామ్. మా ఆయనకి చిరుత ఫోటో కావాలని పట్టుదల. అందుకని వాయవ్యాన ఉన్న విల్పత్తుకి ఒక పూట వెళ్ళాం. జీపులు తక్కువ, అడవి పెద్దది. చిరుత కనపడలేదు, అడుగుజాడలు కనిపించాయి, ఎలుగుబంటి వెనక భాగం ఒక సెకను. మా ఆయన ఫోటో అదే. అన్నట్టు, ఆ పక్కనే ఉన్న అనురాధపురం జిల్లాలో అహికుంటక అనే చిన్న సమాజం ఉంది, తరతరాలుగా పాములాడించి బతికినవాళ్ళు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అదేం టూరిస్ట్ స్పాట్ కాదు కాబట్టి మేం వాళ్ళ ఊరికి వెళ్ళలేదు. కానీ తెలిసి ఉండాల్సిన విషయం.

సరే, తిండి. ఎక్కడికెళ్ళినా మధ్యాహ్నం "రైస్ అండ్ కర్రీ". ఎర్రబియ్యం అన్నం, చుట్టూ నాలుగైదు కూరలు. పప్పుని పరిప్పు అంటారు, ఎర్ర కందిపప్పుని కొబ్బరిపాలలో ఉడికిస్తారు. పొలోస్ అంటే లేత పనసకాయ కూర. మన గోదావరి పనసపొట్టు కూరకి చుట్టమే, కానీ ఇక్కడ ముక్కలుగా కోసి, మసాలా నల్లగా వేయించి, గంటల తరబడి ఉడికిస్తారు. హబరణ పక్క పల్లెలో ఒకావిడ తామరాకులో వడ్డించారు. అందులో తామరదుంప కూర, పక్కన చెరువు చేప. మళ్ళీ చూడండి, అంతా చెరువులోదే. గొటుకొల అనే పచ్చి ఆకు, కొబ్బరికోరు, నిమ్మరసం కలిపిన పచ్చడి కూడా ఉంటుంది. అది మన సరస్వతి ఆకే.

వెజిటేరియన్లు ఇక్కడ చెవులు రిక్కించి వినాలి. పొల్ సంబోల్ అని కొబ్బరి, ఎండుమిరప, ఉల్లిపాయ కలిపి దంచిన ఎర్రటి పచ్చడి ప్రతి పూటా వస్తుంది. చూస్తే మన కొబ్బరి పచ్చడే అనిపిస్తుంది. కానీ అందులో చాలాసార్లు ఉంబలకడ వేస్తారు. ఉంబలకడ అంటే ట్యూనా జాతి చేపని ఉడికించి, పొగబెట్టి, కర్రలా గట్టిపడేదాకా ఎండబెట్టి పొడి చేసింది. తీపి ఉల్లిపాయల శీని సంబోల్‌లో, ఆప్పాల పక్కన పెట్టే లుణు మిరిస్ కారంలో కూడా ఉంటుంది. వాళ్ళ దృష్టిలో అది మసాలా దినుసు, అందుకే "వెజ్జేనా?" అని అడిగితే అమాయకంగా "అవును" అంటారు. "ఉంబలకడ ఎపా" అనండి, ఎపా అంటే వద్దు అని. ఈ రెండు పదాలతోనే మా ఆయన ఎనిమిది రోజులు నెట్టుకొచ్చాడు. చాలా చోట్ల అప్పటికప్పుడు విడిగా దంచి ఇచ్చారు.

సాయంత్రం ఆప్పాలు. బుల్లి మూకుడులో పిండి తిప్పి, అంచు పల్చగా కరకరలాడేలా, మధ్య మెత్తగా. రాత్రి కొత్తు: రొట్టెని పెనం మీద రెండు రేకులతో టకటకా కొడుతూ కూరగాయలు, గుడ్డు కలిపేస్తారు. ఆ చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది, అడ్రస్ అక్కర్లేదు. బేకరీలో కూర్చుంటే అడగకుండానే ఒక ప్లేటు నిండా రోల్స్, కట్‌లెట్లు తెచ్చి పెడతారు. కంగారుపడకండి, తిన్నవాటికే బిల్లు.

నాకు అన్నిటికంటే నచ్చింది మట్టి కుండలో గేదె పెరుగు, పైన కితుల్ పాకం. ఆ గేదెలు మేసేది కూడా ఆ చెరువుల చుట్టూనే. కితుల్ ఏంటో తెలుసా? మన ఏజెన్సీలో కల్లు తీసే జీలుగ చెట్టు. అదే నీరాని కాచి నల్లటి పాకం చేస్తారు, కొంచెం పొగ వాసన, కొంచెం చేదు తగిలే తీపి. అసలైనది కొంచెం ఖరీదే. చవగ్గా ఇస్తున్నారంటే పంచదార కలిపి ఉండొచ్చు.

డబ్బు సంగతి క్లుప్తంగా. మన రూపాయికి వాళ్ళవి దాదాపు మూడున్నర వస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ కూడా అక్కడ మొదలైంది, పెద్ద షాపుల్లో ప్రయత్నించొచ్చు. కానీ జీపుకీ పల్లెలో భోజనానికీ చేతిలో క్యాష్ ఉండాలి. జీపు అద్దె వేరు, పార్కు టికెట్ వేరు, రెండూ కలిపి చెప్తున్నారో లేదో అడగండి. సిగిరియా లాంటి చోట్ల సార్క్ దేశాల వాళ్ళకి టికెట్ తక్కువ, పాస్‌పోర్ట్ చూపించాలి, హోటల్లో వదిలేసి వెళ్ళకండి. వీసా రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనే ముందు అధికారిక సైట్ చూసుకోండి.

ఆ కితుల్ పాకం సీసా తెచ్చుకుంటే మాత్రం మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చెక్-ఇన్ బ్యాగ్‌లో వెయ్యండి. హ్యాండ్ బ్యాగ్‌లో 100 మిల్లీలీటర్లు దాటితే ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు. మా సీసా క్షేమంగా వచ్చింది, పెసరట్టు మీద కూడా బాగుంటోంది. ఉంటానండీ మరి.