మానులో ప్రాణమెక్కడ, చేవ ఎక్కడ

తెలుగులో 'చేవ' అనే మాట మనిషి సత్తాకూ చెట్టు గట్టితనానికీ ఒకేలా చెల్లుతుంది గానీ, వడ్రంగి మాత్రం దాన్ని కచ్చితమైన అర్థంలో వాడుతాడు. దుంగను అడ్డంగా కోసినప్పుడు అంచున కనిపించే లేతరంగు చెక్కను విడిచి, నడిమధ్య ముదురురంగులో ఉన్న గట్టి భాగాన్నే అతడు చేవ అంటాడు, ద్వారబంధాలకు దాన్నే ఎంచుకుంటాడు. వృక్షశాస్త్ర గ్రంథాలు ఆ నడిమి భాగాన్ని చేవదారువు అనీ, దాని చుట్టూ ఉన్న లేత భాగాన్ని రసదారువు అనీ పిలుస్తాయి. ఈ రెండింటినీ పరిశీలిస్తే తేలే సంగతి కొంత విచిత్రమైనది: పేరుకు చేవ అయిన ఆ భాగం మృతకణాల రాశి కాగా, చెట్టును బతికించి పెంచే ప్రాణం ప్రధానంగా బెరడు కిందనే, వేలి మందం కూడా లేని పొరల్లో ఉంటుంది.

బయటి నుంచి లోపలికి వెళితే మొదట వచ్చేది ఎండు బెరడు. దాని లోపలి వైపున ఆకులు తయారుచేసిన చక్కెరలను కొమ్మలకూ వేర్లకూ చేరవేసే పోషక కణజాలం, ఆ తరువాత కంటికి ఆనని కేంబియం అనే పొర ఉంటాయి. మాను లావెక్కడమంతా ఈ కేంబియం పనే. అది బయటి వైపుకు పోషక కణజాలాన్ని, లోపలి వైపుకు చెక్కను పుట్టిస్తూ పోతుంది. చెట్టు పొడవు పెరిగేది కొనల దగ్గరే కనుక, ఛాతీ ఎత్తున కొట్టిన మేకు ముప్ఫై ఏళ్ల తరువాత కూడా ఛాతీ ఎత్తునే ఉంటుంది, కాకపోతే కొత్త చెక్కలోనూ బెరడులోనూ కూరుకుపోయి కనిపించకుండా పోతుంది. చెక్క కణాల గోడల్లో లిగ్నిన్ అనే గట్టి పదార్థం చేరడం వల్ల మానుకు బిగువు వస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతకు వృక్షశాస్త్రంలో ఇంతకు మించిన వ్యాఖ్యానం అక్కరలేదు. ఏ చెట్టులోనైనా ఈ కణాల గోడ నీటికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువైన పదార్థమే. గోడలు పలుచగా, లోపలి ఖాళీలు పెద్దవిగా ఉంటే అది కొండపల్లి బొమ్మలకు పనికివచ్చే తేలికైన పొణికి కర్ర అవుతుంది, గోడలు దళసరై ఖాళీలు తగ్గితే నీటిలో మునిగే శేషాచలం ఎర్రచందనపు చేవ అవుతుంది.

తాటి, ఈత, కొబ్బరి చెట్లకు ఈ లెక్క వర్తించదు. వాటి కాండంలో కేంబియం లేదు. నీటి నాళాలు పీచుల కట్టలుగా కాండమంతటా చెదిరి ఉంటాయి. అందుకే వాటికి వలయాలు ఏర్పడవు, ఒకసారి పడిన గంటు మళ్లీ పూడదు. టేకు వంటి చెట్లలో మాత్రం వానకాలపు పెరుగుదలకూ ఎండకాలపు విరామానికీ మధ్య తేడా వలయాలుగా స్పష్టంగా నమోదవుతుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ పరిశోధకులు టేకు వలయాల వెడల్పులను కొలిచి, వర్షమానాలు లేని కాలంలో రుతుపవనాలు ఎలా ఉండేవో అంచనా కట్టారు.

ప్రాణం పై పొరల్లోనే ఉందనడానికి తోటమాలికి తెలిసిన గాలి అంటు చాలిన నిదర్శనం. దానిమ్మ కొమ్మకో నిమ్మ కొమ్మకో అంగుళం మేర బెరడును చుట్టూ ఒలిచి, తడి నాచుతో కట్టు కడితే, దిగవలసిన చక్కెరలు దారి తెగి గాయానికి పైన పోగుపడతాయి, అక్కడి నుంచే వేర్లు పుడతాయి. నీరు లోపలి చెక్క గుండా పోతుంది కనుక ఆ కొమ్మ వాడదు. ఇటలీ శాస్త్రవేత్త మార్సెల్లో మాల్పీఘీ 17వ శతాబ్దంలోనే ఇలా బెరడు ఒలిచి, గాయం పై అంచు ఉబ్బడాన్ని గమనించాడు. అదే పని కొమ్మకు కాక మానుకు చేస్తే, ఆకులు కొంతకాలం పచ్చగానే ఉన్నా, ఆహారం అందని వేర్లు మెల్లగా చచ్చి చెట్టంతా ఎండిపోతుంది. గంటు రసదారువు దాటి లోతుకు దిగితే నీటి దారీ తెగి చావు త్వరగా వస్తుంది. బర్మా టేకును నరకడానికి రెండు మూడేళ్ల ముందే ఇలా గంటు పెట్టి నిలువునా ఎండనిచ్చేవారు, పచ్చి టేకు దుంగ నదిలో సరిగా తేలదు కాబట్టి. దుకాణపు బోర్డుకు అడ్డమొచ్చిన వేపనో కానుగనో గొడ్డలి చప్పుడు లేకుండా వదిలించుకోవాలనుకునేవారికి కూడా ఈ కిటుకు బాగానే తెలుసు.

నీరు పైకెక్కే తీరు మానులోని మరో వింత. బావి నీరు పాతిక అడుగుల కిందికి పోతే గట్టు మీది మోటారు లాగలేదని, దాన్ని బావిలోకి దించాలని ప్రతి రైతుకూ తెలుసు. పీల్చే పంపు ఎంత గొప్పదైనా గాలి ఒత్తిడి నీటిని సుమారు పది మీటర్లకు మించి నెట్టలేదు. కాలిఫోర్నియాలోని హైపీరియన్ అనే రెడ్‌వుడ్ చెట్టు మాత్రం 115 మీటర్ల పై ఎత్తుకు, మోటారన్నదే లేకుండా నీటిని చేర్చుకుంటుంది. దీనికి వివరణను 1894లో డబ్లిన్ శాస్త్రవేత్తలు హెన్రీ డిక్సన్, జాన్ జోలీ ప్రతిపాదించారు. ఆకుల నుంచి నీరు ఆవిరైనప్పుడు ఆ వెలితి కింది నీటిని లాగుతుంది. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కనుక, వెంట్రుకవాసి నాళాల్లోని నీరు తెగని తాడులా వేరు నుంచి ఆకు దాకా సాగుతుంది. ఈ నాళాలు పనిలోకి దిగేది తమలోని జీవపదార్థం పోయి బోలుగా మారిన తరువాతే. తీవ్రమైన కరవులో ఆ లాగుడు శ్రుతి మించి నాళాల్లో గాలిబుడగలు చేరితే తాడు తెగుతుంది, అలాంటి నాళాలు ఎక్కువైతే నిలువెత్తు చెట్టు ఎండిపోతుంది.

మాను నీటిని మోయడమే కాక కొంత దాచుకుంటుంది కూడా. పగలు ఆకులు వాడుకున్న కొద్దీ మిల్లీమీటరులో ఏ కొంతో చిక్కి, రాత్రి మళ్లీ నిండుతుంది. ఈ నిల్వ నల్లమద్దిలో అసాధారణం. 2024 మార్చిలో అల్లూరి సీతారామరాజు జిల్లా పాపికొండల జాతీయ పార్కులో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది బెరడుపై గాటు పెట్టగా నీరు ధారగా చిమ్మింది. కొండరెడ్లకు ఇది కొత్త సంగతి కాదు. మొసలి వీపులా పగిలిన దాని దళసరి బెరడు కార్చిచ్చును కూడా కొంతవరకు తట్టుకుంటుంది. ఆ నీటి ధార వీడియో చూసిన ప్రతివారూ గొడ్డలి పట్టుకుని మద్దిచెట్టు వెతకడం మాత్రం వివేకం కాదు.

చచ్చిన చేవకు కాపలా కూడా కావాలి. టేకు, ఎర్రచందనం తమ చేవలో నూనెలనూ రంగు పదార్థాలనూ నింపుకుని చెదలను నిలువరిస్తాయి. మర్రికి ఆ రక్షణ అంతగా లేదు. మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రిని చెదలు తొలిచేసినప్పుడు, 2018లో సెలైన్ సీసాల్లో నీటితో కలిపిన పురుగుమందు నింపి, వరుసగా వేలాడదీసి, చుక్కచుక్కగా మానులోకి ఎక్కించవలసి వచ్చింది. అంతకుముందు రంధ్రాల్లో ఒక్కసారిగా పోసిన మందు బయటికి కారిపోయింది. అలాగని తొర్రపడిన ప్రతి మానూ పనికిరానిది కాదు. చేవ పోయినా పై పొరలు నిలిస్తే చెట్టు దశాబ్దాలు బతుకుతుంది, గుడ్లగూబలకూ చిలుకలకూ ఆ తొర్రే ఇల్లు.

పర్యావరణ దృష్టితో చూస్తే మాను ప్రధానంగా కర్బనపు గాదె. ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కర్బనం, అదంతా ఆకులు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి తీసినదే. ఒక కిలో కర్బనం సుమారు 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. చెక్క కాలే వరకో కుళ్లే వరకో అది అందులోనే ఉంటుంది కనుక, తాతలనాటి టేకు తలుపు కూడా ఒక చిన్న నిల్వే. ముసలి చెట్టు పెరగదన్న నమ్మకం కూడా నిలవదు: 403 జాతుల చెట్లను పరిశీలించి 2014లో 'నేచర్' పత్రికలో వెలువడిన అధ్యయనం, చాలా జాతుల్లో చెట్టు పెద్దదవుతున్న కొద్దీ ఏటా చేర్చుకునే బరువు కూడా పెరుగుతూనే ఉంటుందని తేల్చింది.

రోడ్ల వెడల్పు కోసం ఒక చెట్టు కొడితే పది మొక్కలు నాటుతామనే హామీని ఈ వెలుగులో చూడాలి. అటవీశాఖ మానును నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున చుట్టి కొలుస్తుంది. అలా కొలిచినప్పుడు రెండు మీటర్ల చుట్టుకొలత వచ్చిన మాను అడ్డుకోత వైశాల్యానికి సరితూగాలంటే, ఇరవై సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న లేత చెట్లు పది కాదు, వంద కావాలి. ఎత్తులోని తేడా ఈ లెక్కలో చేరనే లేదు. పరిహారాన్ని మొక్కల సంఖ్యతో కాక, కొట్టిన మాను చుట్టుకొలతతో కట్టడమే న్యాయం.